పని మానకుండా ఎనిమిది వారాల సువార్త శిక్షణ: ఒక నర్సు నడిపిన పద్ధతి

మా చర్చి సంఘంలో మొదటిసారి విశ్వాస సమర్థన తరగతులు, అంటే మన నమ్మకం మీద వచ్చే ప్రశ్నలకు కారణాలతో జవాబు చెప్పడం నేర్పే తరగతులు, పెట్టినప్పుడు ముప్పై ఒక్కరు పేర్లు ఇచ్చారు. నాలుగో వారానికి ఏడుగురు మిగిలారు. మానేసినవాళ్లకు ఆసక్తి లేక కాదు. డ్రైవరుకు డ్యూటీ మారింది. బట్టలు కుట్టే ఆమెకు పని ఎక్కువైంది. లెక్కల విభాగంలో పనిచేసే అబ్బాయికి నెలాఖరు వచ్చింది. నైట్ డ్యూటీ వల్ల నేనూ రెండు వారాలు వెళ్లలేకపోయాను. ప్రతి ఆదివారం సాయంత్రం రెండు గంటల ఉపన్యాసం, చేతికి అరవై పేజీల నోట్సు ఉండేవి. ఆ నోట్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మూడో పేజీ దాటాక ఎక్కడా నా పెన్ను గీత లేదు.

ఆ శిక్షణను మళ్లీ మొదటి నుంచి కూర్చే పని తర్వాత నా మీద పడింది. నేను వేదాంత కళాశాలలో చదువుకోలేదు. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇప్పటికి ఆరు విడతలు నడిపాను. వాటిలో నిలబడిన పద్ధతిని, నేను చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాస్తున్నాను. మీ సంఘంలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే మీకు తోచినట్టు మార్చుకోండి.

ఎనిమిది వారాల్లో ఏం సాధ్యం?

ముందు ఆశను కొలతలో పెట్టుకోవాలి. ఎనిమిది వారాల్లో ఎవరూ పండితులు కారు. మేము మూడే అడుగుతాం. మొదటిది, తన విశ్వాసం గురించి సంఘం బయటివాళ్లకు అర్థమయ్యే మాటల్లో నాలుగు నిమిషాలు చెప్పగలగాలి. రెండోది, ఎక్కువగా ఎదురయ్యే అయిదు ప్రశ్నలకు ఒక్కోదానికి మూడు నిమిషాల్లో నిజాయతీగా జవాబు చెప్పగలగాలి. మూడోది, తెలియనప్పుడు ‘నాకు తెలియదు, ఫలానా రోజు కనుక్కొని చెబుతాను’ అని, ఆ రోజున తిరిగి వెళ్లాలి. ఈ మూడోదానికే నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఇస్తాను.

పని చేసుకునేవాళ్లకు ఇది తగదేమోనన్న సందేహం పెట్టుకోకండి. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు డేరాలు కుట్టి బతికాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లపాటు ప్రతిరోజూ తర్కించాడని బైబిలులోని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. బెజా అనే పురాతన ప్రతిలో అక్కడ ఇంకొక మాట కనిపిస్తుంది: ‘అయిదో గంట నుంచి పదో గంట వరకు’. మన గడియారంలో అది దాదాపు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు, అంటే ఎండకు ఊరంతా పని ఆపే వేళ. ఇది తర్వాత చేరిన మాట కావచ్చునని ఎక్కువమంది పండితులు అంటారు. అయినా అది చేర్చినవాడికి పనివాళ్ల రోజు ఎలా గడుస్తుందో బాగా తెలుసు. అపొల్లో అంతటి వాక్చాతుర్యం గలవాణ్ణి పక్కకు తీసుకెళ్లి ఇంకా స్పష్టంగా బోధించిన అకుల, ప్రిస్కిల్ల కూడా డేరాలు కుట్టేవాళ్లే.

మొదలుపెట్టే ముందు రెండు వారాలు

తరగతి మొదలవడానికి రెండు వారాల ముందు ప్రతి ఒక్కరికీ ఒక పని అప్పగిస్తాను. మీరు పనిచేసే చోట, బస్సులో, బంధువుల మధ్య దేవుడి గురించి, చర్చి గురించి వినిపించే ప్రశ్నలను, విమర్శలను రాసుకు రండి. మీరుగా ఎవరినీ అడగవద్దు, జవాబూ చెప్పవద్దు, వినండి చాలు. వాళ్లు అన్న మాటలనే రాయండి. ‘దుఃఖ సమస్య’ అని రాసుకొస్తే వెనక్కి ఇచ్చేస్తాను. ‘దేవుడుంటే మా తమ్ముడు ఇరవై ఆరేళ్లకే ఎందుకు పోయాడు’ అని రాయాలి. ‘సంఘంలో ఐక్యతా లోపం’ అంటే కుదరదు. ‘మీ చర్చిలోవాళ్లే ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు కదా, నాకేం చెబుతారు’ అని రాయాలి.

ఆరు విడతల్లోనూ పోగైన ప్రశ్నలు కొద్ది తేడాలతో అయిదు కుప్పలుగా పడ్డాయి. సైన్సు ఇంత తెలిశాక దేవుడెందుకు? బైబిలును మార్చేశారు కదా? యేసు నిజంగా చావు నుంచి లేచాడా? ఇంత బాధ ఎందుకుంది? మీ దారి ఒక్కటే సరైనదా? క్రైస్తవుల ప్రవర్తన మీద వచ్చే ప్రశ్నలు వీటన్నిటిలోనూ కలిసి ఉంటాయి. వాటికి వేరే పాఠం పెట్టను. తప్పు జరిగిందని తెలిస్తే జరిగిందని ఒప్పుకోవడం తప్ప అందులో నేర్పడానికి ఏమీ లేదు.

తరగతికి పన్నెండుమందిని మించనివ్వను. ఒకే పాఠాన్ని వారంలో రెండు రోజులు చెబుతాం, ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం. షిఫ్టు ఉన్నవాళ్లు ఎప్పుడు వీలైతే అప్పుడు వస్తారు. ప్రతివాళ్లకూ ఒక జోడీ ఉంటుంది. రెండు రోజులూ రాలేకపోయినవాళ్లకు జోడీ ఫోనులో ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి. చెప్పినవాళ్లకే ఆ పాఠం ఎక్కువ వస్తుందని రెండో విడతకే అర్థమైంది. ఈ ఏర్పాటు చేశాక మధ్యలో మానేసేవాళ్లు దాదాపు లేరు.

తొంభై నిమిషాలకు మించి కూర్చోబెట్టను. మొదటి పది నిమిషాలు బాకీ పుస్తకాలకు (జవాబు ఇంకా చెప్పాల్సిన ప్రశ్నలు రాసుకునే పుస్తకాలు), ఇరవై నిమిషాలు కొత్త విషయానికి, నలభై అయిదు నిమిషాలు అభ్యాసానికి, చివరి పదిహేను ప్రార్థనకు. విషయానికి ఇరవై నిమిషాలేనా అని పాస్టరుగారు మొదట్లో బాధపడ్డారు. అభ్యాసం చూశాక ఆయనే దాంట్లో ఇంకో అయిదు నిమిషాలు తగ్గించమన్నారు.

మరచిపోవడం గురించి కూడా ఆలోచించాలి. 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాలను తానే కంఠస్థం చేసి, ఎంత త్వరగా మరచిపోతున్నాడో కొలిచి చూపించాడు. ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుంది. అందుకే పాఠం విన్న రాత్రి అయిదు నిమిషాలు, మర్నాడు అయిదు, మూడో రోజు అయిదు, వారం తర్వాత మళ్లీ అయిదు నిమిషాలు నెమరు వేయమంటాను. ప్రశ్నకు ఒక అట్టముక్క. ముందు వైపు ప్రశ్న, వెనక వైపు అయిదు పంక్తులకు మించని జవాబు. బస్సులో నిలబడి కూడా చదువుకోవచ్చు.

మొదటి వారం: సంఘం భాషను పక్కన పెట్టడం

మొదటి పాఠంలో వాదనలేమీ ఉండవు. ప్రతివాళ్లూ తమ సాక్ష్యం, అంటే తాము ఎలా నమ్మారో, నాలుగు నిమిషాల్లో చెబుతారు. బల్ల మీద ఒక చిన్న గంట ఉంటుంది. బయటివాళ్లకు అర్థం కాని మాట వినిపిస్తే ఎదురుగా కూర్చున్నవాళ్లు గంట కొట్టాలి. రక్షణ, మారుమనస్సు, అభిషేకం, భారం, సహవాసం, రక్తంలో కడగబడటం, లోకస్థులు. మొదటి రోజు గంట ఆగదు.

ముప్పై ఏళ్లుగా విశ్వాసంలో ఉన్న ఒక పెద్దాయన ‘ప్రభువు నన్ను రక్షించాడు’ అన్నారు. గంట మోగింది. ‘దేని నుంచి రక్షించాడు?’ అని ఎదుటి అమ్మాయి అడిగింది. ‘పాపం నుంచి’ అన్నారు. మళ్లీ గంట. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, ‘మా అన్నతో పదకొండేళ్లు మాట్లాడలేదు. అతను చనిపోవాలని కోరుకునేవాణ్ణి. ఆ కోరికతోనే నిద్రపోయేవాణ్ణి. యేసు నన్ను క్షమించాడని నమ్మిన తర్వాత, ఒకరోజు వాళ్ల ఇంటికి నడిచి వెళ్లాను’ అన్నారు. ఈసారి గంట మోగలేదు. ఆ మాటలు మా సంఘంలో ఎవరూ అంతకుముందు వినలేదు. ముప్పై ఏళ్లపాటు ‘రక్షించాడు’ అన్న ఒక్క మాట వెనకాల అవి దాగి ఉన్నాయి.

క్రైస్తవేతరులను పిలిచే ‘అన్యులు’ అన్న మాటను తరగతిలో పూర్తిగా ఆపేయమంటాను. మన పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషి గురించి అతని ముందు అనలేని మాటను అతను లేనప్పుడు అనకూడదు.

విశ్వాస సమర్థనకు ఇంగ్లిషులో ఉన్న అపాలజెటిక్స్ అన్న పేరు గ్రీకు ‘అపొలొగియా’ నుంచి వచ్చిందని, న్యాయస్థానంలో నిందితుడు తన తరఫున చెప్పుకునే వాదన అని దానికి అర్థమని ఇదే రోజు చెబుతాను. మీ నిరీక్షణ గురించి అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి అనే మొదటి పేతురు 3:15లో ఉన్నది ఆ మాటే. మన బైబిలులో దాన్ని ‘సమాధానము’ అన్నారు. పునరుత్థానం తర్వాత యేసు శిష్యులతో ‘మీకు సమాధానము కలుగునుగాక’ అన్న చోటా మన బైబిలులో అదే మాట. తెలుగులో జవాబూ, శాంతీ ఒకే పదంలో ఉన్నాయి. మనం ఇచ్చిన జవాబుతో ఎదుటివాడి మనసులో శాంతి పోయిందంటే, ఆ వచనంలోనే ఉన్న ‘సాత్వికముతోను భయముతోను’ అన్న షరతును మనం దాటేశామేమో చూసుకోవాలి.

ముగ్గురి అభ్యాసం

రెండో వారం నుంచి ప్రతి తరగతిలో ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు అడుగుతారు, ఒకరు జవాబిస్తారు, మూడోవారు గడియారం, కాగితం పట్టుకొని గమనిస్తారు. అడిగేవారు తాము విన్న అసలు ప్రశ్నను, విన్నంత కోపంతోనో బాధతోనో అడగాలి. మన వాదనకు అనుకూలంగా దాన్ని మెత్తబరచకూడదు. జవాబిచ్చేవారు ముందుగా ఆ ప్రశ్నను తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ‘అవును, నేను అడిగింది అదే’ అని అడిగినవారు ఒప్పుకున్న తర్వాతే జవాబు మొదలుపెట్టాలి. ఒక్కోసారి మూడు నాలుగు ప్రయత్నాలు పడతాయి. ఆ తర్వాత మూడు నిమిషాలు. గమనించేవారు రాయవలసింది ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డారు, తెలియనిదాన్ని తెలిసినట్టు ఎక్కడ చెప్పారు అనేవే. జవాబు బాగుందా లేదా అన్నది వాళ్ల పని కాదు.

బాకీ పుస్తకం ఇక్కడే మొదలవుతుంది. జేబులో పట్టే చిన్న పుస్తకం. అందులో తేదీ, అడిగినవారి పేరులో మొదటి అక్షరం, వాళ్ల మాటల్లో ప్రశ్న, ఏ రోజుకు చెబుతానన్నది, చెప్పిన రోజు రాస్తాం. ‘జ్ఞానులకును మూఢులకును నేను ఋణస్థుడను’ అని పౌలు రోమీయులకు రాశాడు కదా, ఆ వచనం చదివిన రోజున బట్టలు కుట్టే ఆమె దీనికి ఈ పేరు పెట్టింది. ఆమె దగ్గర ఖాతాదారుల బాకీలు రాసుకునే పుస్తకం కూడా అచ్చం ఇలాగే ఉంటుందట.

లెక్కల విభాగం అబ్బాయిని అతని సహోద్యోగి ఒకసారి అడిగాడు: యేసును పట్టిచ్చిన యూదా ఎలా చనిపోయాడన్నది మత్తయి 27లో ఒక రకంగా, అపొస్తలుల కార్యములు 1లో ఇంకొక రకంగా ఉంది, ఎందుకు? అబ్బాయికి అలా ఉందన్న సంగతే తెలియదు. శుక్రవారం చెబుతానన్నాడు. రెండు భాగాలూ చదివాడు, పాస్టరుగారిని అడిగాడు. రెండింటినీ కలిపి వివరించే పాత పద్ధతి ఒకటుందని, దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారని తెలుసుకున్నాడు. శుక్రవారం వెళ్లి ఆ రెండూ చెప్పాడు. ‘నువ్వు మళ్లీ వస్తావనుకోలేదు’ అన్నాడట ఆ సహోద్యోగి. వాళ్ల సంభాషణ అక్కడి నుంచే మొదలైంది.

బైబిలు మార్చేశారు కదా?

ఈ పాఠానికి ఉపన్యాసం కంటే చేతిపని మేలు. అరవై మాటల పేరా ఒకటి తీసుకుంటాను. నలుగురు దాన్ని చూసి చేత్తో రాస్తారు. అసలు కాగితం దాచేస్తాను. ఇంకో నలుగురు ఆ ప్రతులను చూసి రాస్తారు. చివరి నలుగురు రెండో ప్రతులను చూసి రాస్తారు. పన్నెండు కాగితాలనూ కలిపి, అసలు పేరాను ఎన్నడూ చూడని ఇద్దరికి ఇచ్చి, మొదటి పేరా ఎలా ఉండేదో చెప్పమంటాను.

పోయిన విడతలో ఒకరు ‘కుమారుడు’ బదులు ‘కుమారులు’ అని రాశారు. ఇంకొకరు ఒక పంక్తిని పూర్తిగా వదిలేశారు. ఎందుకంటే రెండు పంక్తులూ ‘వచ్చెను’ అనే మాటతోనే ముగుస్తున్నాయి, కన్ను మొదటి ‘వచ్చెను’ నుంచి రెండోదానికి జారిపోయింది. ఇలాంటి జారుళ్లు పాత గ్రీకు ప్రతుల్లోనూ అచ్చం ఇలాగే కనిపిస్తాయి. ఆ ఇద్దరూ కాగితాలన్నీ పక్కపక్కన పరచి, ఏది దేన్ని చూసి రాసిందో కనిపెట్టి, పేరాను తిరిగి నిలబెట్టారు. ఒక్క మాట దగ్గర మాత్రం తేల్చలేకపోయారు. రెండు అవకాశాలనూ అంచున రాశారు. అచ్చయిన బైబిలులో పేజీ కింద ‘కొన్ని ప్రతులలో’ అని ఉండే చిన్న అక్షరాలను అప్పుడు చూపిస్తాను. ఆ అక్షరాలను పన్నెండుమందిలో ఎక్కువమంది అంతకుముందు గమనించి ఉండరు.

ఆ తర్వాత తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక కాగితం ముక్కను చేతి నుంచి చేతికి అందిస్తాను. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉన్న పపైరస్ (జమ్ముతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క దాదాపు అంతే ఉంటుంది. దాన్ని 1935లో ప్రచురించారు. యోహాను 18వ అధ్యాయంలోని కొన్ని మాటలు రెండు వైపులా ఉన్నాయి, రోమా అధిపతి పిలాతు యేసును విచారించే భాగం. దాన్ని సాధారణంగా రెండో శతాబ్దానిదంటారు. అక్షరాల తీరును బట్టి ఫలానా సంవత్సరమని కచ్చితంగా చెప్పలేమని హెచ్చరించే పండితులున్నారు. కాబట్టి ‘క్రీస్తుశకం 125’ అని సంఖ్య గట్టిగా చెప్పవద్దంటాను.

మనకు ఇబ్బందిగా అనిపించే సంగతులను కూడా ఇదే రోజు చెప్పాలి. మార్కు 16వ అధ్యాయంలో 9 నుంచి 20 వరకు వచనాలు నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను సువార్త తొలి ప్రతుల్లో లేదు. ఇవి విని ఒకామె కన్నీళ్లు పెట్టుకుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. అపరిచితుడి నోట వెటకారంగా వినడం కంటే తనవాళ్ల మధ్య నెమ్మదిగా వినడం మంచిదని ఇప్పటికీ నమ్ముతున్నాను. గ్రీకు కొత్త నిబంధన చేతిరాత ప్రతులు అయిదు వేలకు పైగా దొరికాయి కాబట్టే ఈ తేడాలు మనకు తెలిశాయని కూడా చెబుతాను.

ఒక జాగ్రత్త. ప్రతులు నమ్మదగినవని చూపిస్తే, రచయిత ఏం రాశాడో తెలుస్తుంది. అతను రాసింది జరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న. మనవాళ్లు మొదటిదాన్ని చూపించి రెండోది కూడా తేలిపోయిందనుకుంటారు. వినేవాళ్లు ఆ తేడాను వెంటనే పట్టేస్తారు.

పునరుత్థానం, సైన్సు

పునరుత్థానం గురించి ఎక్కువ ఆధారాలు పోగుచేయించను. మొదటి కొరింథీయులు 15:3-8 కంఠస్థం చేయిస్తాను. పౌలు ఆ పత్రికను క్రీస్తుశకం 55 ప్రాంతంలో రాశాడు, అంటే సిలువకు పాతికేళ్ల లోపు. తానూ ఇంకొకరి నుంచి పొందిన మాటనే వాళ్లకు అప్పగించానని అక్కడ చెబుతాడు. అయిదు వందలకు పైగా సహోదరులు చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని అంటాడు. బయటి సాక్ష్యంగా టాసిటస్ చాలు. రోమా చక్రవర్తి తిబెరి కాలంలో పొంతి పిలాతు చేత క్రీస్తుకు మరణదండన జరిగిందని ఆ రోమా చరిత్రకారుడు రెండో శతాబ్దం మొదట్లో రాశాడు. క్రైస్తవులంటే అతనికి ఇష్టం లేదని ఆ రాతలోనే తెలుస్తుంది. సిలువ మరణాన్ని దాదాపు చరిత్రకారులందరూ ఒప్పుకుంటారు. లేచాడన్న చోట దారులు విడిపోతాయి. అక్కడ ‘చరిత్ర నిరూపించేసింది’ అనవద్దు, ‘వీటిని బట్టి నేను నమ్ముతున్నాను’ అనండి.

సైన్సు ప్రశ్నకు నా దగ్గర ఉన్నది చిన్న జవాబే. విశ్వం విస్తరిస్తోందని 1927లో చెప్పిన జార్జ్ లమేత్ర్ కతోలిక పూజారి. ఆయనే తన సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా వాడుకోవద్దని కోరినవాడు. ఆ నిగ్రహం మనకూ కావాలి. ఫోనుల్లో తిరిగే సందేశాలను మాత్రం తరగతిలో గట్టిగా ఆపుతాను. డార్విన్ చావు పడక మీద పశ్చాత్తాపపడ్డాడన్న కథ ఇప్పటికీ తిరుగుతోంది. డార్విన్ 1882లో చనిపోయాడు, కథ 1915లో అచ్చయింది, ఆయన చివరి ఘడియల్లో పక్కనే ఉన్న కూతురు 1922లో అది అబద్ధమని రాసింది. సత్యాన్ని ప్రకటించడానికి అబద్ధాన్ని పంపించకూడదు. అలాంటిది పంపినవాళ్లు, ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ సవరణ పంపాలి. ఇది మా తరగతిలో నియమం.

బాధ: రెండు వారాలు

దీనికి రెండు వారాలు ఎందుకు పెట్టానో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక విశ్వాస సమర్థన పుస్తకం చదివి నెల కూడా కాకముందు, పిల్లల వార్డులో నైట్ డ్యూటీలో ఉన్నాను. ఒక తల్లి ‘మీ దేవుడు చూస్తున్నాడా, సిస్టర్?’ అని అడిగింది. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మనిషికి స్వేచ్ఛ ఇవ్వడం గురించి, లోకం పతనం గురించి, చదివిన వరసలోనే చెప్పాను. ఆమె పిల్లవాడి చొక్కా మడతపెడుతోంది. నేను మాట్లాడుతున్నంతసేపూ అదే చొక్కాను విప్పి మళ్లీ మళ్లీ మడతపెట్టింది. నేను ఆగాక గోడ వైపు తిరిగింది. తెల్లవారి డ్యూటీ దిగేదాకా నాతో మాట్లాడలేదు. నేను చెప్పినదాంట్లో తప్పు మాట ఉందని ఇప్పటికీ అనుకోను. ఆ మాటలన్నీ ఆమెకు చెప్పడమే తప్పు.

అందుకని ఈ రెండింటిలో మొదటి వారం వాదన నేర్పను. యోహాను 11వ అధ్యాయం చదివిస్తాను. మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే వాక్యం అంటారు: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయి ఉండేవాడు కాదు. మార్తకు ‘పునరుత్థానమును జీవమును నేనే’ అని ఆయన మాటల్లో జవాబిచ్చాడు. మరియకు జవాబివ్వలేదు. సమాధి ఎక్కడని అడిగాడు, కన్నీళ్లు విడిచాడు. ప్రశ్న ఒకటే, అడిగిన మనుషులు ఇద్దరు. తర్వాత, కష్టాల్లో పడ్డ యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల గురించి చదువుతాం. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నంతకాలం వాళ్లు చేసింది సరిగానే ఉంది. ఆ రోజు ముగ్గురి అభ్యాసంలో జవాబిచ్చేవారు మూడు నిమిషాలూ మాట్లాడకూడదు. అడిగినవారి ముఖం చూస్తూ కూర్చోవాలి. చాలామందికి ఇదే అన్నిటికంటే కష్టమైన తరగతి.

రెండో వారం వాదన. దేవుడు మంచివాడు, శక్తిమంతుడు అయితే చెడు ఎందుకుంది అన్న ప్రశ్నను ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరసు పేరుతో చెబుతారు. దాన్ని మనదాకా తెచ్చినవాడు నాలుగో శతాబ్దపు క్రైస్తవ రచయిత లాక్టాంటియస్. సంఘం ఆ ప్రశ్నను దాచలేదు. చెడు ఉండటం, దేవుడు ఉండటం తర్కపరంగా పొసగని విషయాలు కావని 1974లో క్రైస్తవ తత్త్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా వాదించాడు. నాస్తిక తత్త్వవేత్తల్లోనూ చాలామంది ఆ మేరకు ఒప్పుకున్నారు. అంతటితో ఆగితే అర్ధసత్యమే అవుతుంది. 1979లో నాస్తిక తత్త్వవేత్త విలియం రో ప్రశ్నను ఇంకో వైపు నుంచి వేశాడు: పొసగవచ్చు, కానీ అడవి మంటలో ఎవరికీ తెలియకుండా కాలి చనిపోయే జింకపిల్ల బాధకు ఏ ప్రయోజనం కనిపిస్తోంది? దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదని తరగతిలో చెబుతాను. నా దగ్గర ఉన్నది సిలువ. దేవుడు బాధను దూరం నుంచి చూస్తూ ఉండలేదని అది నాకు చెబుతుంది. నేను నిలబడినది ఆ మాట మీదే.

ఏడో వారం అతిథి

మీ దారి ఒక్కటే సరైనదా అన్న ప్రశ్నకు ఏడో వారం. ఇక్కడ ఒక్కటే నియమం: ఎదుటివాళ్ల విశ్వాసం గురించి వాళ్లు విని ‘అవును, మేము నమ్మేది అదే’ అనలేని మాట చెప్పవద్దు. ఏథెన్సులో పౌలు మనసు విగ్రహాలను చూసి పరితపించింది. అయినా మాట్లాడే ముందు ఊరంతా తిరిగి చూశాడు, వాళ్ల కవుల మాటనే ఎత్తుకున్నాడు. చివరికి కొందరు అపహాస్యం చేశారు, కొందరు మళ్లీ వింటామన్నారు, కొద్దిమంది నమ్మారు. పౌలుకే అలా జరిగింది.

ఆ రోజు క్రైస్తవేతరులను ఒకరిని పిలుస్తాను. వాళ్లు అడుగుతారు, మేము వింటాం, అడిగినప్పుడే మాట్లాడతాం. సువార్త చెప్పం అని వాళ్లకు ముందే మాట ఇస్తాను, ఆ మాట నిలబెట్టుకుంటాం. ఒకసారి నాతో పనిచేసే ఆమె వచ్చింది. ఆమె దేవుణ్ణి నమ్మదు. ‘మీలో ఎవరికైనా, ఇదంతా తప్పేమోనని ఎప్పుడైనా అనిపించిందా?’ అని అడిగింది. ఎవరూ కదల్లేదు. చివరికి డ్రైవరు, ‘రాత్రి పూట ఒక్కణ్ణే బండి నడుపుతున్నప్పుడు అనిపించింది. అప్పుడు గట్టిగా ప్రార్థన చేస్తాను. ఎవరూ లేరనుకుంటే నాలో నేను మాట్లాడుకున్నట్టే కదా అనుకుంటాను. అయినా చేస్తాను’ అన్నాడు. ఆమె చాలాసేపు అతని వైపే చూసింది. ఆ సాయంత్రం అంతకంటే మంచి జవాబు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

పనిచేసే చోట గీతలు

చివరి వారం కొత్త విషయం ఉండదు. ఎక్కడ మాట్లాడకూడదో నేర్చుకుంటాం. జీతం తీసుకునే సమయం యజమానిది. విరామ సమయమే మనది. మన మీద ఆధారపడినవాళ్లతో, అంటే రోగులతో, విద్యార్థులతో, మన కింద పనిచేసేవాళ్లతో, మనంతట మనం మొదలుపెట్టకూడదు. వద్దు అనగలిగే స్వేచ్ఛ వాళ్లకు నిజంగా ఉందో లేదో మనకు తెలియదు. రోగి తానే అడిగితే ఒక్క మాటలో చెప్పి, కోరుకుంటే వాళ్లకు నచ్చిన మతపెద్దను పిలిపిస్తాను. డబ్బు, ఉద్యోగం, వైద్యం, చదువు, వీటిలో దేన్నీ విశ్వాసంతో ముడిపెట్టకూడదు. 2011లో ప్రపంచ సంఘాల మండలి, వాటికన్‌లోని మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి విడుదల చేసిన ప్రవర్తనా సూచనల్లో ఇదే ఉంది. సువార్త పని గురించి ప్రపంచ క్రైస్తవ నాయకుల సభ 1974లో ప్రకటించిన లోసాన్ ఒడంబడికలో ఒత్తిడి పద్ధతులు వాడినందుకు, సంఖ్యల మీద అతిగా దృష్టి పెట్టి వాటి విషయంలో నిజాయతీ తప్పినందుకు పశ్చాత్తాపం రాసి ఉంది. ఆ పేరాను బిగ్గరగా చదువుతాం. మీ దేశపు చట్టం, మీ సంస్థ నియమావళి ఏం చెబుతున్నాయో ఒకరు ముందే చదువుకొచ్చి తరగతికి చెప్పాలి.

ఎంతమందిని మార్చారు అని మా తరగతిలో ఎవరూ అడగరు. ఎన్ని బాకీలు తీరాయి అని అడుగుతాం.

శిక్షణ అయ్యాక నెలకోసారి గంటసేపు కలుస్తాం, పుస్తకాలు తెరుస్తాం. నా దాంట్లో ప్రస్తుతం మూడు తీరని బాకీలు ఉన్నాయి. ఒకటి, ఏడో వారం అతిథిగా వచ్చిన నా సహోద్యోగిదే. మత్తయి వంశావళిలో యోసేపు తండ్రి యాకోబు, లూకాలో హేలీ, ఎందుకు అని అడిగింది. రెండు వివరణలు దొరికాయి. మొదటిది నాకే అంతగా నచ్చలేదు, ఆ సంగతీ ఆమెకు చెబుతాను. గురువారం ఉదయం డ్యూటీ దిగాక కలుద్దామని అనుకున్నాం.